చల్లని గదికి పది నిమిషముల పని
(నిజామాబాదులో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మీ ముందు చెప్పబూనిన విషయము మిక్కిలి చిన్నది. రోడ్లను గురించి, కాలువలను గురించి, ధాన్యపు కొనుగోలును గురించి వినవచ్చిన మీకు ఏ.సి. యంత్రములోని ఫిల్టరును కడుగుట యను ప్రసంగము వింతగా తోచవచ్చును. కాని యీ చిన్న పనిని మరచుటవలన మన యిండ్లలో కరెంటు వృథా యగుచున్నది. కష్టపడి సంపాదించిన డబ్బు వృథా యగుచున్నది. వేలు పోసి కొన్న యంత్రము కాలము తీరకమునుపే చెడుచున్నది. దీనిని నివారించుటకు కావలసినది పది నిమిషముల శ్రమ, ఒక బకెట్టు నీరు. అంతకు మించి ఏమియు అక్కరలేదు.

మన జిల్లా యెండలను గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. మే నెలలో 44, 45 డిగ్రీల వేడిమి మనకు క్రొత్త కాదు. వెనుకటి కాలమున కలిగినవారు గుమ్మములకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లించుకొనెడివారు. తరువాత కూలర్లు వచ్చినవి. నేడు నిజామాబాదు పట్టణముననే గాక బోధన్, ఆర్మూరు, వర్ని ప్రాంతముల పల్లెలలో సైతము ఏ.సి.లు కానవచ్చుచున్నవి. కుమారుడు గల్ఫునుండి పంపిన సొమ్ముతో తలిదండ్రుల గదికి ఏ.సి. పెట్టించిన యిండ్లు మీ గ్రామములలోను ఉండియుండును. ముసలివారు, పసిబిడ్డలు ఉన్న యింట దానిని విలాస వస్తువని యెవరును అనజాలరు. వస్తువు మన యింటికి వచ్చినది. దానిని పోషించుకొను పద్ధతి మాత్రము ఇంకను పూర్తిగా రాలేదు.

ఈ మాట నేను ఇతరులను ఉద్దేశించి అనుటలేదు. మొదటి దోషిని నేనే. కొన్ని సంవత్సరముల క్రిందట, రోహిణి కార్తెలో, మా యింటి ఏ.సి. గదిని చల్లబరచుట మానినది. రిమోటుపై 24 నుండి 20కి, 20 నుండి 18కి దించితిని. చప్పుడు తప్ప చల్లదనము లేదు. ఒక మెకానిక్కును పిలిపించితిని. అతడు యంత్రము మూతయైనను ఎత్తి చూడక "గ్యాసు అయిపోయింది సార్" అని, గ్యాసు నింపితినని చెప్పి, మూడువేల రూపాయలు తీసికొని వెళ్ళెను. రెండు దినములకు మరల అదే స్థితి.

ఆ సాయంకాలము మా పొరుగున నుండు పెద్దాయన ఒకరు పలకరించుటకు వచ్చిరి. ఆయన బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర కార్ఖానాలో పనిచేసి విరమించినవారు. ఏ.సి. ముందు చేయి పెట్టి చూచి, "సారూ, గాలే వస్తలేదు, ఇగ చల్లదనమెట్ల వస్తది? లోపల జాలీ ఎప్పుడన్న కడిగిండ్రా?" అని అడిగిరి. లోపల జాలీ యున్నదని నాకు తెలిసిననాడు గదా కడుగుట! ఆయన మూత ఎత్తి దానిని బయటికి లాగిరి. సన్నని వలగా ఉండవలసిన వస్తువు ముతక కంబళి ముక్కవలె నుండెను. కడిగి ఆరబెట్టి మరల అమర్చినంతనే గాలి బలముగా వీచెను. అరగంటలో గది చల్లబడెను. నేను పోగొట్టుకొన్న మూడువేలకు ఆ మెకానిక్కు ఒక్కడే బాధ్యుడని అనజాలను. ఏమి చూచితివని అడుగవలెనన్న తెలివి నాకు లేకపోయినది.

ఆ పెద్దాయన నాడు చెప్పిన మాటను నేను మరువలేదు. కార్ఖానాలో చెరకు రసమును కాచి చిక్కబరచు పెద్ద పాత్రలుండును. వాటిలోని గొట్టములకు దినదినము గార పట్టును. గార పట్టిన కొలది ఆవిరి వేడిమి రసమునకు అందదు. ఎంత బొగ్గు, ఎంత పిప్పి కాల్చినను పని సాగదు. అందువలన గానుగ ఆడు కాలమున సైతము నడుమ నడుమ పని నిలిపి గొట్టములను గీకి శుభ్రపరచెడివారు. "మంట పెంచితె కాదు సారూ, గార తియ్యాలె" అని ఆయన అనిరి. 1937లో స్థాపితమై, ఒక తరమునకు అన్నము పెట్టి, 2015 డిసెంబరులో మూతబడిన ఆ కార్ఖానా తన కార్మికులకు నేర్పిన విద్య యిది. ఏ.సి.కి కూడ అదియే సూత్రము.

ఏ.సి. పనిచేయు విధము సులభముగా చెప్పుదును. అది చల్లదనమును క్రొత్తగా పుట్టించునది కాదు. గదిలోని వేడిమిని మోసికొనిపోయి బయట పారవేయు కూలివంటిది. గదిలోని పెట్టెయందు రాగి గొట్టముల చుట్ట యుండును. దీనినే కాయిల్ అందురు. ఆ గొట్టములలో ప్రవహించు ద్రవము ఆవిరి యగుచు చుట్టుప్రక్కల వేడిమిని గ్రహించును. బయటి పెట్టెలోని కంప్రెసరు ఆ ఆవిరిని ఒత్తి, వేడిమిని బయటి గాలిలోనికి వదలునట్లు చేసి, మరల ద్రవముగా మార్చి లోనికి పంపును. లోపలి పంకా గది గాలిని పీల్చి చల్లని కాయిల్ మీదుగా మరల గదిలోనికి ఊదును. ఈ పద్ధతిని 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అను ఇంజనీరు ఒక ముద్రణాలయము కొరకు మొదట రూపొందించెను. కాగితము తేమకు ఉబ్బి రంగులు చెదరుచుండగా, గాలిలోని తేమను అదుపుచేయుట ఆయన ఉద్దేశము.

గాలి కాయిల్‌ను చేరకముందు దుమ్మును ఆపుటకు పెట్టిన జల్లెడయే ఫిల్టరు. అది నిండినచో గాలి తగ్గును. గాలి తగ్గినచో కాయిల్‌కు వేడిమి అందదు. గది చల్లబడదు గనుక కంప్రెసరు ఆగక నడచుచునే యుండును. కాయిల్ మితిమీరి చల్లబడి దానిపై మంచు గడ్డకట్టును. ఒక్కొక్కప్పుడు పూర్తిగా ఆవిరి కాని ద్రవము కంప్రెసరునకు తిరిగివచ్చి దానినే చెరచును. ఏ.సి.లో మిక్కిలి ఖరీదైన భాగము అదియే. రిమోటుపై అంకెను 18కి దించినంత మాత్రమున గాలి పెరుగదు. మూతబడిన తూమును ఎత్తక, చెరువులో నీరు లేదని వగచిన యట్లుండును.

పూడిక సంగతి మన ప్రాంతమువారికి ఒకరు నేర్పవలసినది కాదు. 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరు మంజీర నీటిని ఆపి బోధన్ చెరకు తోటలకు ప్రాణము పోసెను. ఆ జలాశయములో మట్టి చేరి నిల్వ ఎంతగా తగ్గినదో మీ పెద్దలు కన్నులార చూచిరి. చెరువుల పూడికతీతకై మిషన్ కాకతీయ 2015 మార్చి 12న ఆరంభమైనది కూడ నాటి మన జిల్లాలోని సదాశివనగర్ పాత చెరువుననే. గట్టు ఎంత గట్టిదైనను పూడిక తీయని చెరువు కడపటి పొలమునకు నీరీయదు. యంత్రము ఎంత గొప్ప కంపెనీదైనను ఫిల్టరు కడుగనిచో కడపటి మంచమునకు చల్లదనము చేరదు.

పైగా మనది దుమ్ముగల ప్రాంతము. బియ్యపు మిల్లుల ఊక, పసుపు ఉడికించి ఆరబోయు కళ్ళముల పొడి, కోతయంత్రములు లేపు ధూళి, ట్రాక్టర్లు నడచు మట్టి బాటలు మన చుట్టునుండును. మహానగరములో నెల దినములకు నిండు ఫిల్టరు మిల్లు ప్రక్క యింట వారములోనే నిండవచ్చును.

ఇక ఖర్చు మాట. మురికి పట్టిన ఫిల్టరు స్థానమున శుభ్రమైనది యున్నచో ఏ.సి. కరెంటు వాడకము 5 నుండి 15 శాతము వరకు తగ్గగలదని అమెరికా ఇంధన శాఖ చెప్పుచున్నది. దీనిని మన యింటి లెక్కలో చూతము. ఒక యింట దీపములు, పంకాలు, ఫ్రిజ్జు, టీ.వీ. కలిసి నెలకు 75 యూనిట్లు కాలుననుకొనుడు. రాత్రివేళ కొన్ని గంటలు నడచు ఏ.సి. దినమునకు 4 యూనిట్ల చొప్పున 30 దినములకు 120 యూనిట్లు. మొత్తము 195. ఫిల్టరు నిండి ఏ.సి. వాడకము నూటికి పది చొప్పున పెరిగినదనుకొనుడు. మరి 12 యూనిట్లు చేరి మొత్తము 207 అగును. ఆ పండ్రెండు యూనిట్లలో ఏమున్నదని మీరనవచ్చును. 2024 మార్చి నుండి అమలునకు వచ్చిన గృహజ్యోతి పథకము క్రింద నెలకు 200 యూనిట్ల వరకు వాడు అర్హ కుటుంబములకు సున్న బిల్లు వచ్చుచున్నది. 195కును 207కును నడుమ ఆ హద్దు గీత యున్నది. సున్న బిల్లు రావలసిన యింట ఆ నెల డబ్బు కట్టవలసివచ్చుటకు గుప్పెడు దుమ్ము చాలును.

ఇప్పుడు చేయవలసిన విధానమును వరుసగా చెప్పుదును.

మొదట రిమోటుతో ఏ.సి.ని ఆపి, పిదప గోడ స్విచ్చును లేక స్టెబిలైజరును కూడ ఆపివేయవలెను. రిమోటుతో ఆపినంత మాత్రమున యంత్రమునకు కరెంటు తెగదు. చేతులు పొడిగా నుండవలెను. ఎక్కుటకు కదలని బల్లను గాని గట్టి నిచ్చెనను గాని వాడవలెను. ప్లాస్టిక్ కుర్చీ నెక్కరాదు. క్రింద ఒకరు పట్టుకొని యుండుట మంచిది.

గోడకు తగిలించు స్ప్లిట్ ఏ.సి. అయినచో ముందరి మూతను రెండు ప్రక్కల పట్టుకొని మెల్లగా పైకెత్తవలెను. కొంత దూరము పోయి అది తానే నిలుచును. లోపల సామాన్యముగా రెండు జాలీలు కానవచ్చును. ఒక్కొక్క దాని క్రింది చెవిని కొంచెము పైకి నొక్కి క్రిందికి లాగినచో ఊడివచ్చును. ఏది ఏ ప్రక్కదో గుర్తుంచుకొనవలెను. విండో ఏ.సి. అయినచో ముందరి జాలీ తలుపు వెనుక ఫిల్టరుండును. ప్రక్కకు గాని పైకి గాని లాగిన వచ్చును. బలము చూపవలసిన పని లేదు. రాకున్నచో యంత్రముతో వచ్చిన పుస్తకమును చూడవలెను.

ముక్కునకు తువాలు కట్టుకొని ఫిల్టరును ఆరుబయటికి తీసికొనిపోయి మెల్లగా తట్టి దుమ్ము రాల్చవలెను. పిదప కుళాయి నీటిని వెనుక వైపునుండి పోయవలెను. ఇది ముఖ్యము. గాలి ముందునుండి వచ్చి దుమ్మును వలలో ఇరికించినది. నీరు వెనుకనుండి పోసినచో దుమ్ము వచ్చిన త్రోవనే బయటికి పోవును. ముందునుండి పోసినచో మరింత లోనికి దిగును. జిడ్డున్నచో గోరువెచ్చని నీటిలో కొంచెము మెత్తని సబ్బు కలిపి, మెత్తని బ్రష్షుతో గాని వ్రేళ్ళతో గాని రుద్దవలెను. కాగుచున్న నీరు, గట్టి బ్రష్షు, కిరోసిను, పెట్రోలు పనికిరావు. వల సాగిపోవును, చిరుగును.

నీడలో గాలికి ఆరవేయవలెను. మండుటెండలో గాని పొయ్యి దాపున గాని పెట్టినచో ప్లాస్టిక్ చట్రము వంకరపోవును. తడి పూర్తిగా ఆరిన పిదపనే మరల అమర్చవలెను. తడి ఫిల్టరు బూజు పట్టి దుర్వాసన కొట్టును. ఆరులోగా మూతను తడి పిండిన గుడ్డతో తుడువవచ్చును. లోపలి అల్యూమినియపు రేకులను తాకరాదు. అవి చేయి కోయును, నొక్కినచో వంగిపోవును. పెట్టె లోపలికి నీరు చల్లరాదు. కొన్ని ఏ.సి.లలో పెద్ద జాలీతో పాటు చిన్న ఫిల్టరు ముక్కలు అదనముగా నుండును. వాటిలో కొన్ని నీట కడుగదగినవి కావు. పుస్తకము చూచియే చేయవలెను.

ఫిల్టరు ఆరువరకు ఏ.సి. నడుపరాదు. "ఒక్క రాత్రికి ఏమగును?" అని ఫిల్టరు లేకయే నడుపువారు కలరు. కాయిల్ ఎప్పుడును తడిగా నుండును. ఆ తడిపై పడిన దుమ్ము బురదయై రేకుల నడుమ ఇరుకును. నీరు పోవు గొట్టమును పూడ్చును. అప్పుడు నీరు మంచముపై కారును. ఆ బురదను తీయుట మన చేతి పని కాదు.

వేసవిలో పదునైదు దినముల కొకసారి కడుగుట మంచి నియమము. మిల్లు, ఇటుక బట్టీ, మట్టి బాట దగ్గరనున్నచో వారమున కొకసారి చూడవలెను. కాలము మొదట ఒకసారి, చివర ఒకసారి తప్పదు. అమావాస్యకు, పున్నమికి అని గుర్తు పెట్టుకొన్నచో మరపు రాదు. బయటి పెట్టెను, లోపలి కాయిల్‌ను సంవత్సరమున కొకసారి పనివానిచే శుభ్రము చేయించవలెను.

ఫిల్టరు శుభ్రముగా నుండియు గది చల్లబడనిచో మెకానిక్కును పిలువవలసినదే. దుబాయిలోను, ఇతర చోట్లను ఏ.సి. పని నేర్చివచ్చిన నిపుణులు మన ప్రాంతమున గలరు. వారి పనికి తగిన కూలి ఇయ్యవలెను. కాని గ్యాసు అయిపోయినదన్నప్పుడు, "ఎక్కడ కారినది? చూపుము" అని అడుగుడు. గ్యాసు మోటారు సైకిలులోని పెట్రోలువలె ఖర్చగు వస్తువు కాదు. అది మూసిన గొట్టములలో తిరుగుచుండును. రంధ్రము లేనిదే తరుగదు. రంధ్రము పూడ్చక నింపినచో మరల కారును. నేడు అమ్మకమగు అనేక ఏ.సి.లలోని ఆర్-32 అను గ్యాసునకు కొంత మండు స్వభావము కూడ కలదు. కావున గొట్టముల జోలికి మనము పోరాదు.

ఇంకొక మాట కూడ మీకు తెలియవలెను. ఈ ఫిల్టరు నూగును, ముతక దుమ్మును ఆపును. పొగను ఆపదు. వరి కొయ్యకాళ్ళను, చెరకు ఆకును పొలములో తగులబెట్టినప్పుడు లేచు సన్నని మసి ఆ వలనుండి సులభముగా దూరిపోవును. తలుపులు మూసి ఏ.సి. వేసికొన్నంత మాత్రమున మన బిడ్డల ఊపిరితిత్తులకు రక్షణ కలుగదు. దానికి మందు పొలములోనే కలదు. చెత్త తగులబెట్టకుండ రైతులకు నచ్చజెప్పు పని మీ పంచాయతీలది.

చివరగా పంచాయతీ భవనము సంగతి. కంప్యూటరు గదికి ఏ.సి. పెట్టిన కార్యాలయములు నేడు కొన్ని గలవు. ఇంటి ఏ.సి.కి యజమాని యొకడుండును. కార్యాలయపు ఏ.సి.కి అందరును యజమానులే, కనుక ఎవ్వరును కారు. సర్పంచి కార్యదర్శి చూచుననుకొనును. కార్యదర్శి కారోబారు చూచుననుకొనును. కారోబారు పారిశుద్ధ్య కార్మికుని చూచును. చివరకు మెకానిక్కు బిల్లు పంచాయతీ నిధినుండి పోవును. అది ఇంటిపన్ను కట్టిన బీదవాని డబ్బు.

ఇందుకు నేను ఒక చిన్న ఉపాయము మనవి చేసెదను. యంత్రము ప్రక్కన గోడకు ఒక కాగితము అంటింపుడు. దానిపై మూడు గడులు చాలును. కడిగిన తేదీ, కడిగినవారి పేరు, మరల కడుగవలసిన తేదీ. నెల సమావేశమున ఆ కాగితమును ఒక సభ్యుడు చూచి చదువవలెను. మొదటిసారి ఆ పేరు గడిలో సర్పంచి గాని ఉపసర్పంచి గాని తన పేరే వ్రాసికొనినచో, రెండవసారి ఎవ్వరిని బ్రతిమాలవలసిన పని యుండదు. పెద్దవారు చేసిన పనిని ఊరు అనుసరించును.

మీరు ఈ సాయంకాలము ఇంటికి పోయి ఏ.సి. మూత ఎత్తి చూడుడు. మీ యింట లేకున్నచో పొరుగింట చూపుడు. అక్కడ కంబళి కనబడినచో సిగ్గుపడకుడు, నా యింటను కనబడినది. స్విచ్చు ఆపి, దానిని కడిగి, నీడలో ఆరవేయుడు. రాత్రికి గది చల్లబడును. నెలాఖరుకు మీటరు మిగతది చెప్పును.